గాలి సరే, పెట్రోలు ఎవరు తెస్తారు?

మొయినాబాద్ దాటి చేవెళ్ల దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు గొడుగు పట్టినట్టు కమ్ముకుంటాయి. ఆ నీడలో ఒక చాయ్ బండి దగ్గర కారాపి మా అక్క కొడుకు అడిగాడు: "మామా, ఈ బండికి నైట్రస్ పెడితే తట్టుకుంటదా?"

వాడు మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాడు. బండి మేము 2012లో కొన్న పాత కారు. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు, దాదాపు 80 హార్స్‌పవర్. వాడి స్నేహితుడి దగ్గర వాడేసిన నైట్రస్ కిట్టు ఒకటి ఉందట. "పంపు, ఇంజెక్టర్లు కంపెనీవే ఉండనీ మామా. సీసా, పైపు, జెట్టు, గంతే. యాభై గుర్రాలు ఎక్కువొస్తయంట."

"ఆ యాభై గుర్రాలు ఎక్కడి నుంచి వస్తయిరా అల్లుడూ?"

"గ్యాస్ నుంచి."

ఆ జవాబు తప్పు. తప్పని తెలుసు గానీ, ఎందుకు తప్పో వాడికి అర్థమయ్యేలా అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. తర్వాత కొన్ని వారాలు నైట్రస్ ఆక్సైడ్ అనే ఈ వాయువు కథ వెంట పడ్డాను. రెండున్నర శతాబ్దాల వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు ఇనుప రజనుతో ప్రయోగాలు చేస్తూ ఒక కొత్త వాయువును పట్టాడు. అందులోకి వెలుగుతున్న కొవ్వొత్తిని దింపితే మంట ఆరిపోలేదు, ఇంకా పెద్దదైంది. అదే వాయువులో పెట్టిన ఎలుక మాత్రం చచ్చిపోయింది. మంటను పెంచుతుంది, ప్రాణాన్ని నిలపదు. అప్పటికి ఆక్సిజన్ అనే పేరే పుట్టలేదు కాబట్టి ప్రీస్ట్లీకి ఆ చిక్కుముడి విడలేదు. ఇవాళ మనకు తెలుసు: నైట్రస్ ఆక్సైడ్ బరువులో 36 శాతం ఆక్సిజన్. మామూలు గాలిలో బరువు లెక్కన అది 23 శాతమే. కానీ నైట్రస్‌లోని ఆక్సిజన్ నత్రజనితో ముడిపడి ఉంటుంది. వేడి తగిలితేనే ఆ ముడి విడుతుంది. కొవ్వొత్తి మంట దాన్ని విడదీయగలదు, ఎలుక ఊపిరితిత్తులు విడదీయలేవు. ఇంజను సిలిండరు లోపల కావలసినంత వేడి ఉంది. విడిపోయేటప్పుడు ఆ వాయువు తన వంతుగా మరికొంత వేడిని కూడా వదులుతుంది.

మా అల్లుడి ప్రశ్నకు సగం జవాబు ఆ కొవ్వొత్తి దగ్గరే ఉంది. మంట పెద్దదైనప్పుడు కాలింది ఆ వాయువు కాదు, మైనం. వాయువు చేసిందల్లా మైనాన్ని ఇంకా వేగంగా కాలనివ్వడం. మైనం అయిపోతే చుట్టూ ఎంత నైట్రస్ ఉన్నా మంట లేదు.

తర్వాతి డెబ్బై ఏళ్లు ఈ వాయువు మంట కోసం కాక మత్తు కోసం పేరు తెచ్చుకుంది. 1799లో బ్రిస్టల్‌లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తానే పీల్చి, స్నేహితుల చేత పీల్పించి, నవ్వించే వాయువన్న పేరు స్థిరపడేలా చేశాడు. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా వాడవచ్చని 1800లోనే పుస్తకంలో రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఒక వినోద ప్రదర్శన చూశాడు. ఈ వాయువు పీల్చిన మనిషికి కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియలేదు. మర్నాడే వెల్స్ ఆ వాయువు పీల్చి తన పన్ను తానే పీకించుకున్నాడు. ఇంజను కథకు ఇంతకన్నా అవసరమైన సంగతి ఇంకొకటుంది. 1823లో మైకేల్ ఫారడే ఈ వాయువును ఒత్తిడితో ద్రవంగా మార్చాడు. ద్రవమైంది కాబట్టే సీసాలోకి ఎక్కింది. సీసాలోకి ఎక్కింది కాబట్టే ఆపరేషన్ థియేటర్‌లోకి, ఆ తర్వాత విమానంలోకి వచ్చింది.

మత్తు మాట వచ్చింది కాబట్టి హైదరాబాద్‌ను తలుచుకోకుండా ముందుకు పోలేను. 1888లోనూ 1889లోనూ ఇక్కడ క్లోరోఫాం అనే మత్తుమందు మీద రెండు కమిషన్లు పనిచేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపితే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించాడు. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. వాళ్లు తేల్చుకోవాలనుకున్న ప్రశ్న ఒక్కటే: మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా? వందల జంతువుల మీద చేసిన ప్రయోగాల తర్వాత ఊపిరే ముందు ఆగుతుందని చెప్పారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చేసిన పరిశోధన, తేలికపాటి మత్తులో గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని చూపించి ఆ తీర్పును సవరించింది. తీర్పు సగమే నిలిచింది, ప్రశ్న అడిగిన తీరు మాత్రం నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది. ఒక వ్యవస్థ మీద భారం వేస్తున్నప్పుడు ముందు ఏది చేతులెత్తేస్తుంది? మా పాత కారు గురించీ అడగాల్సింది అదే.

నైట్రస్ ఇంజనులోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. జర్మన్ వైమానిక దళం దానికి జీఎం-1 అని పేరు పెట్టింది. ఓటో లుట్జ్ అనే ఇంజనీరు దాని రూపకర్త. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడుతుంది. విమానం ఇంజనుకు గాలిని నొక్కి నింపే సూపర్‌చార్జరు కూడా ఒక ఎత్తు దాటాక చాలదు. అక్కడ ద్రవ నైట్రస్ చిమ్మితే తగ్గిన ఆక్సిజన్ మళ్లీ అందుతుంది. బ్రిటిష్‌వాళ్లు కూడా 1944లో తమ మాస్కిటో రాత్రి యుద్ధ విమానాలకు ఇదే అమర్చారు.

చదువుతూ చదువుతూ నేను ఆగింది ఇక్కడ. ఆ విమానాల ఇంధన పంపు నేల దగ్గర, చిక్కటి గాలిలో ఇంజను పూర్తి బలంతో లాగేటప్పుడు కావలసినంత పెట్రోలు ఇచ్చేలా తయారైంది. తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తులో గాలి తగ్గితే ఇంజను తాగే పెట్రోలూ తగ్గుతుంది. అంటే పంపులో బోలెడు సత్తా ఖాళీగా పడి ఉంటుంది. నైట్రస్ వచ్చి ఆక్సిజన్ ఇస్తే, ఆ ఖాళీ సత్తా పెట్రోలు ఇస్తుంది. పోయిన బలం తిరిగి వస్తుందే తప్ప, ఇంజను ఎన్నడూ ఎరగని బలం మీద పడదు. నైట్రస్ పుట్టిల్లు అలాంటి చోటు. ఆ వెసులుబాటు నేల మీద నడిచే కారుకు లేదు. సముద్ర మట్టానికి అర కిలోమీటరుకు పైబడిన ఎత్తున్న మన ప్రాంతంలో గాలి పల్చదనం వల్ల మిగిలేది అయిదు శాతం చిల్లర, అంతే.

యుద్ధం ముగిశాక ఈ విద్య పందేల కార్లలోకి దిగింది. 1976 ఫిబ్రవరిలో డేటోనా 500 పందెం అర్హత పరుగులలో ఎ.జె. ఫాయిట్, డారెల్ వాల్‌ట్రిప్ వంటి హేమాహేమీలు నైట్రస్ వాడారన్న అభియోగంతో వాళ్ల సమయాలను అధికారులు రద్దు చేశారు. స్టాక్ కార్ల పందెం అది. షోరూము బండినే మార్చకుండా నడపాలన్నది ఆ పందేల పుట్టుకలోని నియమం. 1978లో కాలిఫోర్నియాలో మైక్ థర్మోస్, డేల్ వాజ్నేయన్ కలిసి నైట్రస్ ఆక్సైడ్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టి, మామూలు మనిషి కొని బిగించుకోగల కిట్టు అమ్మడం మొదలుపెట్టారు. మన కుర్రాళ్ల నోట నలిగే 'నాస్' ఆ కంపెనీ పేరులోని మూడు అక్షరాలే. 2001లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా ఆ నీలం సీసాను హైదరాబాద్ దాకా మోసుకొచ్చింది. సినిమాలో బటన్ నొక్కుతారు, రోడ్డు గీతల్లా సాగిపోతుంది. పెట్రోలు ఎవరు తెచ్చారో చూపించరు.

ఈ వాయువు కొవ్వొత్తి మీంచి అంతరిక్షం దాకా వెళ్లింది. 2021 జూలై 11న మన బండ్ల శిరీష ప్రయాణించిన వీఎస్ఎస్ యూనిటీ రాకెట్ ఇంజనులో రబ్బరు లాంటి ఘన ఇంధనాన్ని మండించింది ద్రవ నైట్రస్ ఆక్సైడే. అక్కడా మైనం వేరు, గాలి వేరు. దాని వెనక విషాదమూ ఉంది. 2007 జూలై 26న మొజావే ఎడారిలో అదే వాయువుతో చేసిన పరీక్షలో పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు. రాకెట్ నిపుణుల మధ్యే అలా జరిగిందని మా వాడికి చెబితే మొదటిసారి మౌనంగా విన్నాడు.

ఇక మా కారు లెక్క. ఇది కాగితం మీద వేసి చూపించాకే వాడి కళ్లు వెలిగాయి కాబట్టి ఇక్కడా వేస్తాను.

పెట్రోలు ఇంజను పూర్తి బలంతో లాగేటప్పుడు ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి దాదాపు 5 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. 80 హార్స్‌పవర్‌కు 400 మిల్లీలీటర్లు. ఇంజెక్టరును వందకు వంద శాతం తెరిచి ఉంచే పని కంపెనీ చేయదు, కొంత వెసులుబాటు ఉంచుకుంటుంది. గరిష్ఠ బలం దగ్గర అది 80 శాతం సేపు తెరుచుకుంటుందనుకుందాం. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజను ఒక చక్రం పూర్తి చేయడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో 16 మిల్లీసెకన్లు ఇంజెక్టరు తెరిచే ఉందన్నమాట. నాలుగు ఇంజెక్టర్లూ పూర్తిగా తెరిచినా వచ్చేది నిమిషానికి 500 మిల్లీలీటర్లు. ఆ లెక్కన గరిష్ఠం 100 హార్స్‌పవర్. 90 శాతం దాటనీయకూడదన్న జాగ్రత్త పాటిస్తే మిగిలేది పది గుర్రాల వెసులుబాటు.

ఇందులోంచి ఇంకో కోత ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే గాలికి ఇ20 ఏడెనిమిది శాతం ఎక్కువ పోయాలి. మన ఎత్తు ఇచ్చిన అయిదు శాతం వెసులుబాటును ఇథనాల్ వడ్డీతో సహా తీసేసుకుంది. ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరగడం ఇంజనుకు మంచిదే, ఆ మాట దాచను. కానీ మా ప్రశ్న పరిమాణం గురించి.

యాభై గుర్రాలకు కావలసింది నిమిషానికి ఇంకో 250 మిల్లీలీటర్లు. ఇంజెక్టర్లలో ఉన్న ఖాళీ అందులో నాలుగో వంతు కూడా లేదు.

కిట్లలో రెండు రకాలు. 'డ్రై' కిట్టు నైట్రస్ ఒక్కటే చిమ్ముతుంది, అదనపు పెట్రోలు కంపెనీ ఇంజెక్టర్ల నుంచే రావాలి. మా కారు లాంటి వాటిలో కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని ఇన్‌టేక్‌లోని ఒత్తిడి చూసి అంచనా వేస్తుంది. నైట్రస్ చేరినా ఆ ఒత్తిడి పెద్దగా మారదు, కాబట్టి కంప్యూటర్‌కు ఏం జరిగిందో తెలియనే తెలియదు. పెట్రోలు పెంచదు. ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం, అంటే ఫ్యూయల్ రైలులో ఒత్తిడి పెంచి నెట్టుకొద్దామంటే, 3 బార్లను 4 బార్లు చేసినా వచ్చే పెంపు 15 శాతమే, ఎందుకంటే ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. పైగా ఈ కార్లలో రెగ్యులేటరు ట్యాంకు లోపలే ఉంటుంది, పైనుంచి మార్చడానికి చేతికి దొరకదు. పెట్రోలు చాలని చోట ఆక్సిజన్ ఎక్కువైతే మిశ్రమం పల్చబడి, వేడి పెరిగి, మిశ్రమం దానంతటదే పేలే నాకింగ్ మొదలవుతుంది. ముందు స్పార్క్ ప్లగ్గు కొస కరుగుతుంది, తర్వాత పిస్టన్ అంచు. అన్నీ క్షణాల్లో.

'వెట్' కిట్టు పెట్రోలును కూడా తానే తెచ్చుకుంటుంది. ఫ్యూయల్ రైలు నుంచి ఒక పాయ తీసి, నైట్రస్‌తో పాటే నాజిల్ గుండా చిమ్ముతుంది. ఇప్పుడు ఇంజెక్టర్ల ఊసు లేదు, భారమంతా పంపు మీద. మా వాడి వాదనకు కాస్త బలం వచ్చింది ఇక్కడే. ట్యాంకులోని పంపు సాధారణంగా ఇంజను అవసరం కన్నా చాలా ఎక్కువే ఇవ్వగలదు. చలిలో, బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు కూడా బండి స్టార్ట్ కావాలి కాబట్టి కంపెనీ అంత వెసులుబాటు ఉంచుతుంది. 80 గుర్రాలకు గంటకు 24 లీటర్లు, ఇంకో యాభైకి 15 లీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పంపుకు ఇది మోయలేని బరువు కాదు.

ఆరోగ్యంగా ఉంటేనే. చేవెళ్ల దారిలో ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లి మల్టీమీటరు పెట్టాం. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, వెనక సీటు కింద పంపు కనెక్టరు దగ్గర 12 చిల్లర. పదమూడేళ్ల వైరు, తుప్పు పట్టిన గ్రౌండు దారిలోనే దాదాపు రెండు వోల్టులు మింగేస్తున్నాయి. వోల్టేజి తగ్గితే పంపు వేగం తగ్గుతుంది. ట్యాంకు లోపలి ఫిల్టరు కొన్నప్పటి నుంచి మార్చనే లేదు. మెకానిక్ తల ఊపి, "సారూ, ముందు దీనికి కొత్త పంపు వేసి ఉన్న బలం తెచ్చుకోండ్రి. ఆమీద లేని బలం సంగతి" అన్నాడు. హైదరాబాద్ కమిషన్ అడిగిన ప్రశ్నకు మా కారు ఇచ్చిన జవాబు అది. ముందు ఆగేది ఇంజను కాదు, వెనక సీటు కింది వైరు.

ఇంకో సంగతి మన ఎండలది. కిట్లు తయారుచేసేవాళ్లు సీసాలో ఒత్తిడి 60 నుంచి 70 బార్ల మధ్య ఉండాలని జెట్టు (ప్రవాహాన్ని కొలిచి వదిలే సన్నటి రంధ్రం) కొలతలు ఇస్తారు. చలిదేశాల్లో దానికోసం సీసాకు హీటరు చుడతారు. నైట్రస్‌కు 36.4 డిగ్రీల సెల్సియస్ ఒక గీత. ఆ వేడి దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవంగా నిలవదు. మే నెలలో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది, ఎండలో నిలిపిన కారు డిక్కీ సంగతి చెప్పనక్కర్లేదు. సీసాలో ఒత్తిడి నిట్టనిలువుగా పెరుగుతుంది, పాళ్లు తప్పుతాయి. జెట్టు గుండా పోయే నైట్రస్ మారిపోతుంది, పెట్రోలు జెట్టు మాత్రం ఉన్నంతే ఇస్తుంది.

చట్టం మాట క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ రిజిస్టర్ చేయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. ప్రజలు తిరిగే చోట పందెం వేయడం అదే చట్టం 189వ సెక్షన్ కింద నేరం.

ఈ రోడ్డు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కూరగాయల ఆటోలు, చిలుకూరు భక్తులు, కాలేజీ బస్సులు, కంకర టిప్పర్లు అన్నీ దీని మీదే. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్నప్పుడు పోయినవాళ్లలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. ఇక్కడ అదనపు యాభై గుర్రాలకు చోటు లేదు. ఈ మాట వాడికి మామగానే చెప్పాను, కోపం లేకుండా.

నా తీర్పు ఇది. కంపెనీ ఇంధన వ్యవస్థతో డ్రై కిట్టు కుదరదు. చిన్న వెట్ కిట్టు, 25 నుంచి 35 గుర్రాలది, కొత్త పంపు, కొత్త ఫిల్టరు, పంపుకు నేరుగా రిలే వైరు వేసి, పెట్రోలు ఒత్తిడి పడిపోతే నైట్రస్‌ను వెంటనే ఆపే స్విచ్చు పెట్టి, స్పార్కును కాస్త వెనక్కి జరిపి, డైనో (ఇంజను బలం కొలిచే యంత్రం) మీద ఫ్యూయల్ రైలు ఒత్తిడి, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు) రెండూ చూసుకుంటే మూసిన ట్రాక్ మీద నిలవవచ్చు. అంతా చేశాక అది కంపెనీ వ్యవస్థ అనిపించుకోదు.

అల్లుడు ఆ కిట్టు కొనలేదు. పంపు, ఫిల్టరు మార్చాడు, గ్రౌండు వైరు కొత్తది వేశాడు, ఇప్పుడు పంపు దగ్గర 13.6 వోల్టులు వస్తున్నాయి. మీ ఇంట్లోనూ ఇలా అడిగే పిల్లవాడుంటే కసరకండి. సీసా ధర కనుక్కునే ముందు పంపు కనెక్టరు దగ్గర వోల్టేజి ఎంతుందో కొలిచి చూపించమనండి.